ఇంకో గిన్నె సవాకి

నవంబర్ 4, సోమవారం

ఈ దేశంలో పన్నెండు లక్షల మందికి పనీపాటా లేదని ఇవాళ తెలిసింది. మా సవాకి అన్నం తింటుంటే ఫోనుల్లో చూసేవాళ్ల లెక్క అది. క్లబ్బు ఆఫీసులో ప్రచారం పని చూసే కొసుగె అనే పిల్ల వంటింట్లోకి పరిగెత్తుకొచ్చి ఫోను నా మొహం మీద పెట్టింది. "చూడండమ్మా, మన హాస్టల్ కుర్రాడు!" అంది. మన హాస్టల్ కుర్రాడికి ముప్ఫై నాలుగేళ్లు. పోయినేడు ఆట మానేశాడు. పదహారేళ్లు ఫుట్‌బాల్ ఆడి, జాతీయ జట్టుకి రెండుసార్లు పిలిపించుకుని, రెండుసార్లూ బెంచీ మీద కూర్చుని తిరిగొచ్చాడు. వాడు గోల్ వేసినప్పుడు చప్పట్లు కొట్టడానికి చేతులు రాని జనం, ఇప్పుడు వాడు చేప ముల్లు తీస్తుంటే ఆహా ఓహో అంటున్నారు.

ఇంతకీ వాడు చేసేది ఏమీ లేదు. గిన్నె ముందు చేతులు జోడిస్తాడు. తింటాడు. తింటూ తింటూ కళ్లనీళ్లు పెట్టుకుంటాడు. ఖాళీ అయిన గిన్నె రెండు చేతులా పైకెత్తి "అమ్మా, ఇంకో గిన్నె!" అంటాడు. అంతే, అయిపోయింది. దానికి కింద వేల మంది "ఎంత నిజాయితీ", "ఎంత వినయం" అని రాస్తారు. చాప్‌స్టిక్స్ ఇప్పటికీ సరిగ్గా పట్టుకోవడం రాదు వెధవకి. మూడేళ్లు నెత్తీ నోరూ బాదుకున్నాను. చేప తోలు ఇప్పటికీ పక్కకి తోసేస్తాడు. క్యారెట్లయితే అప్పట్లో గదిలో తోడున్న హిగుచి పళ్లెంలోకి నెట్టేసేవాడు, ఆ పిచ్చిమాలోకం నోరెత్తకుండా ఇద్దరివీ తినేవాడు.

ఆ గిన్నె అడిగే అమ్మని నేనేనట. "నన్ను మూడేళ్లు పెంచిన హాస్టల్ అమ్మ" అని చెప్పాడట. పెంచానట! ఇరవై ఇద్దరికి వండి పడేశాను, అందులో వీడొకడు. ఈ క్లబ్బు కుర్రాళ్ల హాస్టల్లో ఇరవై ఆరేళ్లుగా అదే పని. వచ్చే మార్చితో అదీ ఆఖరు.

రేపటికి క్యాబేజీ పన్నెండు. తరగడానికి పొద్దున ఐదింటికి లేవాలి.

నవంబర్ 7, గురువారం

గేటు దగ్గర ఇద్దరు ఆడపిల్లలు. సవాకి తిన్న బల్ల చూపిస్తారా అని అడిగారు. లేదన్నాను. పోనీ చెప్పులు పెట్టిన అర? అదీ లేదన్నాను. బయటి నుంచే దానికి వంగి దండం పెట్టి ఫొటో తీసుకుపోయారు. చెప్పుల అరకి!

నవంబర్ 10, ఆదివారం

ఇవాళ్టిది చూడకుండా ఉండాల్సింది. కొసుగె పంపింది కదా అని తెరిచాను.

వాడు వేయించిన కోడి తింటూ హాస్టల్ రోజుల కథ చెప్పాడు. పదిహేడేళ్ల కిందటి మాట. పెద్ద పోటీకి ముందు ఆదివారం, ఎవరూ గడప దాటడానికి వీల్లేదని కోచ్ అకిబా గారి హుకుం. ఆ మధ్యాహ్నం మూడింటికి బియ్యం కొట్టు ఆయన ఊళ్లో పచింకో హాల్లో మా క్లబ్బు జాకెట్ వేసుకున్న కుర్రాణ్ణి వెనక నుంచి చూశాడు. ఇనప గోళీల జూదం అది, పద్దెనిమిది నిండనివాళ్లు లోపలికి తొంగి చూడ్డానికి కూడా లేదు. కోచ్‌కి ఫోన్ చేశాడు.

"మా గుమ్మం పక్కన పేరు బిళ్లలు ఉండేవండీ" అని చెబుతున్నాడు సవాకి, నోటినిండా కోడి పెట్టుకుని. "చెక్క బిళ్లలు. నల్ల అక్షరాలు కనిపిస్తే మనిషి లోపలున్నట్టు. తిప్పి ఎర్ర అక్షరాలు పెడితే బయటికెళ్లినట్టు. నా గదిలో కె అని ఒకడుండేవాడు. వాడు దొంగచాటుగా పచింకోకి పోతూ పోతూ తన బిళ్ల ఎర్రగా తిప్పి మరీ పోయాడు! అంత నిజాయితీపరుడైన దొంగని నేను మళ్లీ చూడలేదు!"

అని పగలబడి నవ్వాడు. లక్షల మంది వాడితోపాటు నవ్వారు.

ఇందులో నాకేం సంబంధం? కోచ్ నన్ను అడిగారు, మూడింటికి ఎవరు లేరని. బోర్డు మీద హిగుచి బిళ్ల ఎర్రగా ఉంది. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఈ హాస్టల్లో బిళ్ల ఏం చెబితే అదే. అగ్నిప్రమాదం జరిగినా తలలు లెక్కపెట్టరు, బిళ్లలే లెక్కపెడతారు. హిగుచి తాను గదిలో పడుకునే ఉన్నానన్నాడు. ఎవరూ చూడలేదు. సవాకి తాను కింద బట్టలుతుక్కుంటున్నానన్నాడు. బుధవారం హిగుచి సామాను సర్దుకుని వాళ్ల ఊరు యావతహామా వెళ్లిపోయాడు. శుక్రవారం సవాకిని పెద్ద జట్టులోకి తీసుకున్నారు.

బిళ్ల ఎర్రగా ఉంది. అదే చెప్పాను.

నవంబర్ 13, బుధవారం

"కె ఎవరు?" అని జనం వెతుకుతున్నారట. వెతకనీ. కుక్కలకి కూడా ఇంతకన్నా మంచి పనులుంటాయి.

నవంబర్ 17, ఆదివారం

వెతికి పట్టుకున్నారు.

కొసుగె ఇవాళ నవ్వుతూ రాలేదు. కూర్చుని, ఫోను బల్ల మీద పెట్టి, "అమ్మా, ఈయన మీకు తెలుసా?" అంది. నారింజ తోట ముందు నిలబడ్డ మనిషి. బుగ్గలు లోపలికి పోయాయి. చెవులు మాత్రం అవే.

హిగుచి వాళ్ల ఊళ్లో బడిపిల్లల ఫుట్‌బాల్ జట్టుకి ఆదివారాలు ఆట నేర్పుతున్నాడట. జీతం లేదు. తొమ్మిదేళ్లుగా. సవాకి అభిమానులు పాత జాబితాలన్నీ తవ్వి పేరు లాగి, ఆ పిల్లల జట్టు పేజీలోకి వెళ్లి రాశారు. "జూదగాడి చేతిలో పిల్లల్ని పెడతారా?" "పచింకో కోచ్ గారికి జై." ఇవి కాస్త మర్యాదగా ఉన్నవి. తల్లిదండ్రులు మీటింగ్ పెట్టుకున్నారు. గొడవ సద్దుమణిగేదాకా కొన్నాళ్లు విశ్రాంతి తీసుకోండి అని చెప్పారట. మా దేశంలో విశ్రాంతి తీసుకోండి అంటే మళ్లీ రావద్దని.

"పాపం, నిజంగానే పచింకోకి వెళ్లేవాడా అమ్మా?" అని అడిగింది కొసుగె.

"బిళ్ల ఎర్రగా ఉంది" అన్నాను.

"అది కాదమ్మా, ఆయన మనిషెలాంటివాడు?"

"మనిషెలాంటివాడో చూడ్డానికి నాకు తీరికెక్కడిది? ఇరవై ఇద్దరికి వండేదాన్ని."

ఆ పిల్ల మొహం మాడ్చుకుని పోయింది. ఇప్పటి పిల్లలకి ఒకమాట అంటే చాలు.

నవంబర్ 18, సోమవారం

ఆ ఆదివారం మధ్యాహ్నం నేను వంటింట్లోంచి కదల్లేదు. పై అంతస్తుకి వెళ్లే పని నాకు లేదు. ఎవరు ఎక్కడున్నారో నాకెలా తెలుస్తుంది?

కోచ్ అకిబా గారు పోయి మూడేళ్లయింది. బియ్యం కొట్టు ఆయన అంతకన్నా ముందే పోయాడు. అడిగేవాళ్లెవరూ లేరు.

మిసో చారులో ఇవాళ ఉప్పు ఎక్కువైంది. ఒక్క కుర్రాడూ నోరు విప్పి చెప్పలేదు. అందరూ "చాలా బాగుందమ్మా" అన్నారు. నాకు తెలుసు బాగాలేదని.

నవంబర్ 20, బుధవారం

మహానుభావుడు వేంచేశాడు.

తెల్ల కారు, తెల్ల బూట్లు, వెంట కెమెరా మోసే మనిషి ఒకడు. గుమ్మంలో బూట్లు విప్పి, అలాగే వదిలేసి లోపలికొచ్చాడు. ఒకదాని మొహం అటు, ఒకదాని మొహం ఇటు. నేను వంగి సరిచేసి పెట్టాను. ముప్ఫై నాలుగేళ్లొచ్చినా నేనే సరిచేయాలి.

"అమ్మా! ఒక్క పిసరు కూడా మారలేదు మీరు!"

"నువ్వు మారావు. పొట్ట వచ్చింది."

"అదే కదమ్మా నా వ్యాపారం!" అని పొట్ట తట్టుకుని నవ్వాడు. కెమెరా మనిషి కూడా నవ్వాడు. కొసుగె అయితే చేతులు గుండెల మీద పెట్టుకుని చూస్తోంది, దేవుణ్ణి చూసినట్టు.

సంగతేమిటంటే, నేను మార్చిలో మానేస్తున్నానని వాడికి తెలిసింది. డిసెంబర్ ఒకటిన ఇక్కడి భోజనశాలలోనే, మధ్యాహ్నం, నా చేతి అన్నం తింటూ నేరుగా ప్రసారం చేస్తాడట. కత్తిరింపులు ఉండవు, జరిగింది జరిగినట్టు అప్పటికప్పుడే అందరికీ కనిపిస్తుందట. వాడు గిన్నె ఎత్తి అడుగుతాడు, నేను వడ్డించాలి. "మీరేం మాట్లాడక్కర్లేదమ్మా. కళ్లు తుడుచుకుంటే చాలు. జనం పడి చస్తారు."

కెమెరా మనిషిని, కొసుగెని గ్రౌండు చూసిరమ్మని పంపేశాను. కూర్చోమన్నాను. టీ పోశాను.

"ఆ పచింకో కథ నుంచి హిగుచి పేరు బయటికొచ్చింది, తెలుసా?"

"నేను పేరు చెప్పలేదమ్మా. కె అన్నాను. అదీ తప్పుడు అక్షరం. జనం ఊరుకోరు కదా, తవ్వుతారు. నాలుగు రోజులైతే మర్చిపోతారు."

"వాడి పిల్లల జట్టు పోయింది."

టీ గ్లాసు తిప్పుతూ కూర్చున్నాడు. "పాపం" అన్నాడు. పాపమట!

"పచింకోకి వెళ్లింది నువ్వు" అన్నాను.

వాడు తలెత్తాడు. పదిహేడేళ్లలో ఆ మాట వాడితో అన్న మొదటి మనిషిని నేనే అనుకుంటాను. మొహంలో ఆ కెమెరా నవ్వు పోయింది. కొంచెం సేపు పదిహేడేళ్ల కుర్రాడిలాగే ఉన్నాడు, చెవుల దాకా ఎర్రబడి.

"కావాలని చేయలేదమ్మా" అన్నాడు నెమ్మదిగా. "గుమ్మం దాటేటప్పుడు చెయ్యి దానంతటదే బోర్డు మీదికి పోతుంది కదా. దొంగతనంగా పోతున్నానని కూడా మర్చిపోయి తిప్పేశాను. గాభరాలో పక్క బిళ్ల తిప్పాను. తిరిగొచ్చాక చూశాను, ఎర్రగా ఉంది హిగుచిది. అప్పటికే కోచ్ కింద నిలబడి ఉన్నారు. మర్నాడు చెప్దామనుకున్నాను. ఒట్టు. ఈలోగా..."

"ఈలోగా?"

"ఈలోగా మీరే చెప్పారుగా అమ్మా, హిగుచి లేడని. మీరు చెప్పాక ఇంక నేనేం చెప్పను?"

టీ చల్లారిపోయింది. నేను లేచి గ్లాసులు తీసేశాను. వెళ్లేటప్పుడు వాడు మళ్లీ మామూలు మనిషైపోయాడు. "ఒకటో తారీకు, పన్నెండున్నర! మీ సాల్మన్ చేప తప్పదు!" అని గుమ్మం దాకా అరుస్తూనే ఉన్నాడు.

సిగ్గులేని వెధవ. మీరే చెప్పారుగా అంటాడు!

నవంబర్ 21, గురువారం

ఆ రోజు పైకి వెళ్లాను.

రాసేస్తాను. ఈ పుస్తకం వెనక పేజీలు నేను తప్ప ఎవరూ చూడరు, ముందు పేజీల్లో మెనూలు ఉన్నాయి కాబట్టి.

ఆ ఆదివారం హిగుచి మధ్యాహ్నం భోజనానికి రాలేదు. జ్వరమని సవాకే చెప్పాడు. మూడింటికి జావ కాచి, ఊరేసిన ఉమె పండు ఒకటి వేసి, నేనే పైకి తీసుకెళ్లాను. హిగుచి పరుపు మీద ఉన్నాడు. ఒళ్లు కాలిపోతోంది. థర్మామీటర్ పెడితే ముప్ఫై తొమ్మిది. వాడు లేచి మోకాళ్ల మీద కూర్చుని జావ తాగాడు. పడుకుని తాగరా అంటే వినడు. ఆ పక్క పరుపు ఖాళీ. సవాకి జాకెట్ కొక్కేనికి లేదు.

సాయంత్రం కోచ్ వచ్చి అడిగినప్పుడు నాకు అన్నీ తెలుసు. బోర్డు వైపు చూశాను. హిగుచి బిళ్ల ఎర్రగా ఉంది. ఎందుకలా ఉందో నాకర్థం కాలేదు. కానీ ఉంది. "హిగుచి" అన్నాను. ఆయన బోర్డు చూశారు, తలూపారు, పైకెళ్లారు. జావ తెచ్చింది నేనని హిగుచి ఆయనకి చెప్పలేదట, నా మాట అబద్ధమనాల్సి వస్తుందనేమో. దొంగతనంగా పోయేవాడు బిళ్ల తిప్పుతాడా అని ఆయనా అడగలేదు. బిళ్ల తిప్పకుండా మనిషి బయటికెళ్లడం మా ఎవరి ఊహకీ అందదు.

ఎందుకు చెప్పానంటే, శుక్రవారం సవాకికి పెద్ద జట్టులో చోటు రాబోతోంది. నా వంటింటి నుంచి తొమ్మిదేళ్లలో ఒక్కడూ అంత దూరం పోలేదు. బయటి కంపెనీ నుంచి భోజనం తెప్పిద్దామని ఆఫీసులో అప్పుడే గొణుగుడు మొదలైంది. ఇవి కారణాలు. కానీ ఇవి కావు. సవాకి రోజూ మూడు గిన్నెలు తినేవాడు, గిన్నె ఎత్తి అమ్మా అనేవాడు. హిగుచి ఎప్పుడూ "ఒగివారా గారూ" అనే పిలిచేవాడు. నాకు పిల్లలు లేరు. అంతే. అమ్మా అన్నవాణ్ణి ఉంచుకున్నాను. గారూ అన్నవాణ్ణి పంపించేశాను.

తెల్ల బూట్లవాణ్ణి తిట్టుకుంటూ కూర్చున్నాను ఇన్నాళ్లూ. వాడు తిప్పింది ఒక చెక్కముక్క.

నవంబర్ 26, మంగళవారం

సాల్మన్ పాతిక ముక్కలు చెప్పాను. కొత్త బియ్యం వచ్చాయి. కొసుగె భోజనశాలలో దీపాలు ఎక్కడ పెట్టాలో కొలుచుకుంటోంది. నా ఏప్రన్ మార్చమంది, తెరమీద బాగుండదట. మార్చనన్నాను.

"అబ్బ, మీరు మరీనూ! నలభై వేల మంది చూస్తారమ్మా, కనీసం!"

"నా ఏప్రనే చూడ్డానికి వస్తే ఇంట్లో వాళ్ల ఏప్రన్లు చూసుకోమను."

నవ్వింది పాపం. ఆ రోజు కసురుకున్నందుకు రెండు ఉడికించిన గుడ్లు చేతిలో పెట్టాను.

నవంబర్ 28, గురువారం

చెప్పాలి. ఒకటో తారీకు చెప్పాలి. కత్తిరింపులుండవని వాడే అన్నాడు.

నవంబర్ 30, శనివారం

చెప్పకపోతే మాత్రం ఏం మునిగింది. మార్చిలో పోతాను. మా అక్క ఊరు వెళ్లి ముల్లంగి వేసుకుంటాను.

హిగుచి తొమ్మిదేళ్లు ఆదివారాలు జీతం లేకుండా.

డిసెంబర్ 1, ఆదివారం

గిన్నెలు ఇంకా తొట్టిలోనే ఉన్నాయి. అయినా రాస్తాను.

పన్నెండున్నరకి దీపాలు వేశారు. హాస్టల్ కుర్రాళ్లందరినీ వెనక బల్లల దగ్గర కూర్చోబెట్టారు. సవాకి నడి బల్ల దగ్గర. చేతులు జోడించాడు. సాల్మన్ తిన్నాడు, తోలు పక్కకి పెట్టాడు. ఏడ్చాడు. ఎక్కడ ఏడవాలో అక్కడే ఏడ్చాడు, గడియారం పెట్టుకున్నట్టు. గిన్నె రెండు చేతులా ఎత్తాడు.

"అమ్మా, ఇంకో గిన్నె!"

నేను గిన్నె తీసుకున్నాను. అన్నం పెట్టలేదు. బల్ల మీద పెట్టి, కెమెరా వెనకున్న మనిషి వైపు తిరిగాను, ఎక్కడ చూడాలో తెలియక.

"పచింకో కథ అబద్ధం" అన్నాను. "ఆ ఆదివారం మూడింటికి హిగుచి నవోకికి ముప్ఫై తొమ్మిది జ్వరం. నేనే జావ తీసుకెళ్లాను, నేనే తాగించాను. పచింకోకి పోయింది ఈ కూర్చున్నవాడు. బిళ్ల తిప్పింది వీడే, పొరపాటున. కోచ్ అడిగితే తెలిసి తెలిసి హిగుచి పేరు చెప్పింది నేను. వీడు పైకి రావాలని చెప్పాను. హిగుచి ఏ తప్పూ చేయలేదు. ఆ పిల్లల తల్లిదండ్రులు ఎవరైనా చూస్తుంటే, ఆయన్ని మళ్లీ పిలిపించుకోండి."

కొసుగె చేతిలోని కాగితాల అట్ట కింద పడిపోయింది. సవాకి నన్ను చూశాడు, కెమెరాని చూశాడు. కుర్చీలోంచి దిగి, నేల మీద మోకాళ్లు వేసి, నుదురు చెక్కకి ఆనించాడు. భుజాలు కదులుతున్నాయి. నిజంగానే ఏడ్చాడేమో. నాకెలా తెలుస్తుంది, వాడు ఎప్పుడూ ఒకేలా ఏడుస్తాడు.

"హిగుచీ, క్షమించరా" అని నేలకేసి అన్నాడు.

దీపాల వేడికి నాకు కళ్లు తిరిగాయి. వంటింట్లోకి వెళ్లి కూర్చున్నాను. వెనకే కుర్రాళ్లు ఒక్కొక్కరే గిన్నెలు తెచ్చి తొట్టిలో పెట్టి వెళ్లారు. ఎవరూ నా మొహం చూడలేదు.

డిసెంబర్ 3, మంగళవారం

అనుకున్నాను, వీడి పని అయిపోతుందని. పిచ్చిదాన్ని.

మూడు లక్షల మంది కొత్తగా చేరారట! నల్ల సూటు వేసుకుని ఇంకో వీడియో పెట్టాడు, పది లెక్కపెట్టేదాకా వంగి నిలబడ్డాడు. "తప్పు ఒప్పుకునే ధైర్యం", "మనిషంటే వీడు", "నేల మీద నుదురు పెట్టినప్పుడు నేనూ ఏడ్చాను." ఒప్పుకున్నది వాడా? వాణ్ణి మెడపట్టి కూర్చోబెట్టి చెబితే తప్ప ఒప్పుకున్నాడా? ఒక బియ్యం కంపెనీ వాడి బొమ్మ సంచి మీద వేస్తామని అడిగిందట. జనానికి బుద్ధీ జ్ఞానం లేదు. ఏం పెట్టినా తింటారు.

నా గురించి కూడా రాశారట, నాలుగు వేల పైచిలుకు. కొసుగె చదివి వినిపించింది. "ఈ అమ్మ లాంటి మనుషులు ఇంకా ఉన్నారా." "నిజాయితీకి నిలువెత్తు రూపం." ఎవరో నా పాత ఏప్రన్ బొమ్మ గీశారు.

చెత్త అన్నాను. ఆ పిల్ల ఫోను తీసుకోబోతే, ఉండు, ఇంకో రెండు చదువు అన్నాను.

డిసెంబర్ 5, గురువారం

గేటు దగ్గర ఏడుగురు. ఈసారి నాకోసం. ఒకావిడ నా చెయ్యి పట్టుకుని ఏడ్చింది. మీ వల్ల మా అత్తగారికి నిజం చెప్పే ధైర్యం వచ్చిందంది. ఏం నిజమో నేనడగలేదు.

చిరాకనిపించింది. కానీ చెప్పొద్దూ, రాత్రి బాగా నిద్రపట్టింది. పదిహేడేళ్ల తర్వాత.

డిసెంబర్ 8, ఆదివారం

పొద్దున తొమ్మిదింటికి వంటింటి ఫోన్ మోగింది. చేతులు తుడుచుకుని తీశాను.

"ఒగివారా గారూ, నేను హిగుచిని."

గొంతు లావైంది. మాట అదే, నెమ్మది. స్టూలు లాక్కుని కూర్చున్నాను.

"బాగున్నావా బాబూ? చూశావా ఆ... ఆ వీడియో?"

"చూశానండి. మా ఆవిడ చూపించింది. మొన్న పిల్లల అమ్మానాన్నలందరూ మా ఇంటికొచ్చారు. గుమ్మంలో వంగి వంగి క్షమాపణ చెప్పారు, మాకే సిగ్గేసింది. ఇవాళ్టి నుంచి మళ్లీ గ్రౌండుకి వెళ్తున్నాను. మీకు ఆ మాట చెప్పి, కృతజ్ఞతలు చెబుదామని చేశాను."

"పోనీలే, పోనీలే" అన్నాను. నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది. "నాకూ పెద్ద బరువు దిగింది బాబూ. ఇక్కడ అందరూ ఎంత మెచ్చుకుంటున్నారో..." అంటూ ఇంకా ఏవో అన్నాను. వాడు విన్నాడు. మధ్యలో అడ్డు రాలేదు. ఎప్పుడూ రాడు.

"ఒక్క మాట అడగొచ్చా అండి?"

"అడుగు, అడుగు."

"ప్రతి కొత్త సంవత్సరానికీ మీ కార్డు వచ్చేది. పదిహేడు ఉన్నాయి, ఒక్కటీ పారేయలేదు. అన్నిట్లోనూ ఒకటే వాక్యం, 'ఒళ్లు జాగ్రత్త' అని. కింద అంతా ఖాళీ. ఆ రోజు జావ తెచ్చింది మీరే కదా, నేను గదిలో ఉన్నానని మీకొక్కరికే తెలుసు కదా. ఈ ఏడు ఆ ఖాళీలో రాస్తారేమో, వచ్చే ఏడు రాస్తారేమో అని చూసేవాణ్ణి. పోస్టులో తడిసి చెరిగిపోయిందేమోనని ఒకసారి దీపం దగ్గర పెట్టి కూడా చూశాను." ఆగాడు. కోపం లేదు గొంతులో. ఉంటే బాగుండేది. "నలభై వేల మందికి చెప్పారండి. నాకు చెప్పలేదు."

పొయ్యి మీద చారు పొంగుతోంది, లేవలేదు.

"తప్పుగా అనుకోకండి. ఎందుకో తెలుసుకుందామని" అన్నాడు. అవతల పిల్లల అరుపులు వినిపించాయి, ఎవరో కోచ్, కోచ్ అని పిలుస్తున్నారు. "పిల్లలు వచ్చేశారండి. ఉంటాను మరి."

నేనేదో ఒకటి అనాలి. ఆ ఒక్క మాట, మూడు అక్షరాలు, క్షమించు అని. వాడు ఫోను పెట్టకుండా ఆగాడు కూడా. ఊపిరి వినిపించింది. నేనేమన్నానో రాస్తున్నాను, ఇక్కడైనా అబద్ధం ఎందుకు.

"ఒళ్లు జాగ్రత్త" అన్నాను.